ముందు ఆ భస్మం మానండి, పరీక్షల మాట తర్వాత

ప్రశ్న: మాది ఘట్‌కేసర్ మండలం ప్రతాపసింగారం. వయసు 34. మూసీ నీళ్లతో ఆకుకూరలు, పశువుల గడ్డి పండిస్తాం. చాలాకాలంగా కాళ్లకు దురద, మచ్చలు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. బోరు నీళ్లు కాచి తాగుతాం. ఒంట్లోని లోహాలు పోతాయంటే నేనూ, నాలుగో నెల గర్భిణి అయిన నా భార్యా ఒక భస్మం వాడుతున్నాం. నేను ఏ పరీక్షలు చేయించుకోవాలి?

జవాబు: పరీక్షలు మీకు కాదు, ముందు మీ ఆవిడకు కావాలి. ఆ భస్మం ఇద్దరూ ఈ రోజే ఆపేయండి. ఇలా అమ్మే కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉన్నట్టు ల్యాబుల్లో తేలింది. మీరు వాడేదాంట్లో ఉన్నాయని చూడకుండా అనలేను. కానీ తల్లి రక్తంలోని సీసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణికి డాక్టరును అడగకుండా ఏ పొడీ ఇవ్వకూడదండీ, ఎవరు చెప్పినా సరే. డబ్బా పారేయకుండా గైనకాలజిస్టుకు చూపించి, రక్తంలో సీసం పరీక్ష గురించి అడగండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. ఐరన్, కాల్షియం మాత్రలు మాత్రం మాన్పించొద్దు. అవి తక్కువైతే ఒంటికి సీసం ఇంకా ఎక్కువ పడుతుంది.

లోహాలను బయటికి పంపే మందులు ఉన్నాయి. వాటిని రక్తంలో మోతాదు బాగా ఎక్కువున్నప్పుడు ఆసుపత్రిలో, డాక్టర్ల పర్యవేక్షణలోనే ఇస్తారు.

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. లోహాలు పోవు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. నది పక్క బోరు కాబట్టి నీటిని ల్యాబులో చూపించండి. అప్పటిదాకా తాగడానికీ వంటకీ మిషన్ భగీరథ నీళ్లు వాడండి.

మూసీలో ఇళ్ల మురుగుతో పాటు పరిశ్రమల వ్యర్థాలూ కలుస్తున్నాయి. మురుగు శుద్ధి కేంద్రాలు లోహాలన్నిటినీ తీయలేవు. ఆకుకూరలు, ముఖ్యంగా పాలకూర, కాడ్మియం అనే విష లోహాన్ని వేళ్లతో పీల్చుకుంటాయి. కడిగితే మట్టి పోతుంది, లోపలికి చేరింది పోదు. ఇంట్లో తినే కూరను మూసీ నీరు పారని మడిలో వేసుకోండి.

మీ దురద తామర కావచ్చు, రసాయనాల వల్ల వచ్చే ఎగ్జిమా కావచ్చు. చూడకుండా తేల్చలేను. రాస్తే తగ్గి మళ్లీ వస్తోందంటే ఆ ట్యూబులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. తామర మీద స్టెరాయిడ్ రాస్తే అది ముదిరి మొండికేస్తుంది. ఇన్నాళ్లూ షాపువాళ్లను అడిగారు గానీ ఒక్కసారైనా చర్మ వైద్యుణ్ని కలవాల్సింది. ఈ వారమే కలవండి, ట్యూబు వెంట తీసుకెళ్లండి. మడిలోకి దిగేటప్పుడు గమ్‌బూట్లు వేసుకోండి. మీకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు, రక్తంలో సీసం చూస్తే ప్రస్తుతానికి చాలు. కాలు వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.