ఇంటర్వెల్‌లో ఒంటరిగా మిగిలిపోయే పిల్లల కోసం

అమ్మా,

తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌వి అయ్యావని, క్లాసులో ఇద్దరు ముగ్గురు ఎవరితోనూ కలవట్లేదని రాశావు. ముప్పై ఏళ్లు హైస్కూల్లోనే గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు, "వెళ్లి అందరితో కలువు" అని ఆ పిల్లలకు చెప్పడం మానెయ్. కలవడం చేతనైతే ఎప్పుడో కలిసేవాళ్లు కదా. నేనూ చాలాకాలం అదే చెప్పాను. ఒకరోజు ఇంటర్వెల్‌లో ఒక అబ్బాయిని చూశాను: బ్యాగు జిప్పు తీస్తాడు, ఏదో వెతుకుతున్నట్టు చెయ్యి పెడతాడు, మళ్లీ జిప్పు వేస్తాడు, సీసాలో నీళ్లు నిండా ఉన్నా వెళ్లి మళ్లీ పట్టుకొస్తాడు. పది నిమిషాల్లో మూడుసార్లు. తనకెవరూ లేరని ఎవరికీ తెలియకూడదని వాడి తాపత్రయం. నాకు గొంతు పట్టేసింది. ఆ రోజు నుంచి వాడికి సలహాలు ఆపి పని ఇచ్చాను. ఇంకో ఇద్దరితో కలిసి ల్యాబ్ సామాన్లు సర్దాలి, వారానికి రెండుసార్లు. చేతిలో పనుంటే ఏం మాట్లాడాలా అన్న టెన్షన్ ఉండదు, మాట దానంతటదే వస్తుంది. నెల తిరిగేసరికి ఆ ముగ్గురూ ఇంటర్వెల్‌లోనూ కలిసే కనిపించేవాళ్లు.

పాఠంలోనూ ఇది చెయ్యొచ్చు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెట్టడం మొదలయ్యాక గొడవలు ఎక్కువైతే, ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్ట్ ఒక పద్ధతి తెచ్చాడు. జిగ్సా అంటారు. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు, ఎవరి ముక్క వాళ్లే మిగతావాళ్లకు నేర్పాలి. అంటే ఎప్పుడూ నోరు విప్పని పిల్ల చెప్పేదాకా మిగతావాళ్లకు పాఠం పూర్తికాదు, కాబట్టి చెవిపెట్టి వినక తప్పదు. మార్కులు మాత్రం ఎవరివి వాళ్లకే వెయ్యి. ఇంకోటి, "గ్రూపులు మీరే చేసుకోండి" అని ఎప్పుడూ అనకు, అందరూ జట్లు కట్టాక మిగిలిపోయిన పిల్ల ముఖం ఒక్కసారి చూస్తే నీకే అర్థమవుతుంది.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. స్టాఫ్‌రూమ్‌లో క్లాసు పిల్లల పేర్లన్నీ రాసి పెట్టు. కష్టం వస్తే ఈ పిల్ల నా దగ్గరికే వస్తుంది అని నమ్మకం ఉన్న పేరు పక్కన ఒక్కో టీచర్ ఒక చుక్క పెట్టాలి. కొన్ని పేర్ల పక్కన ఐదారు చుక్కలు పడతాయి, కొన్నిటికి ఒక్కటీ ఉండదు. ఆ చుక్క లేని పిల్లల్ని తలా ఒకరు పంచుకోండి, పిల్లలకు చెప్పక్కర్లేదు. రోజూ పేరుపెట్టి పలకరించడం, నిన్న చెప్పిన సంగతి గుర్తుపెట్టుకుని ఇవాళ అడగడం, అంతే.

చిరాగ్గా, ముభావంగా ఉన్న పిల్లల్ని ముందు నిద్ర గురించి అడుగు. ఈ వయసులో 8 నుంచి 10 గంటలు కావాలి, చాలామందికి అంత దొరకదు. అలాగే ఒక్క మంచి స్నేహితురాలితో హాయిగా ఉన్న పిల్లను గుంపులోకి తొయ్యకు, ఆ పిల్లకు ఏ లోటూ లేదు.

ఎవరైనా "బతకాలని లేదు" అన్నట్టు మాట్లాడితే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడుగు, అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఎవరికీ చెప్పనని మాటివ్వకు, ఒంటరిగా వదలకు, అదే రోజు ఇంట్లో భద్రంగా చూసుకునే పెద్దవాళ్లకీ కౌన్సెలర్‌కీ చెప్పు.

సోమవారమే ఆ పేర్ల కాగితం పెట్టు. చుక్క లేనివాళ్లు ఎంతమంది తేలారో నాకు రాయి.

మాస్టారు