ఆ ఫోటోలో ఉన్నది మన చిన్న రైలు కాదు

గుణుపురం తమ్ముడూ, మీ తాతగారి ఫోటో చూశాను. ఇంట్లో అందరూ పర్లాకిమిడి చిన్న రైలంటున్నా నీకు అనుమానంగా ఉందన్నావు. నీ అనుమానమే నిజం. బండి నెత్తిన వాలుగా ఉన్న కడ్డీ చూడు, పై తీగ నుంచి కరెంటు తీసుకునేది అదే. నౌపడా నుంచి 1900లో పర్లాకిమిడికి, 1931లో గుణుపురానికి వచ్చిన మన రెండున్నర అడుగుల లైనుకి ఏనాడూ తీగ లేదు. ఆవిరి ఇంజన్లు, చివర్లో డీజిల్, అంతే. ఎంత ముచ్చటైన రైలో అది!

ఇక ఊరు. రెండు పెట్టెలు తగిలించి ఉన్నాయి, వెనక కొట్టు బోర్డు మీద బంగ్లా అక్షరాలున్నాయి. కలకత్తా ట్రామే. అక్కడ ముందు పెట్టె ఫస్టు క్లాసు, ఫ్యాన్లుండేవి. వెనకది సెకండు క్లాసు, టిక్కెట్టు తక్కువ. తాతగారు వెనక పెట్టె మెట్టు దగ్గరే నిలబడ్డారు.

1873లో గుర్రాలతో మొదలైన కలకత్తా ట్రాముకి కరెంటు వచ్చింది 1902లో, కాబట్టి ఫోటో అంతకు ముందుది కాదు. ఏడాది ఇంకా దగ్గరగా తేలాలంటే ముందు పెట్టె మొహం మీది నంబరు కావాలి. ఫోన్‌తో కాకుండా స్కానర్ మీద పెద్ద సైజులో తీసి పంపు, అట్ట వెనక వైపు కూడా.