ఈఎంఐకి ఆషాఢం ఉండదు

ప్రశ్న: రాజమహేంద్రవరంలో వయొలిన్ వాయిస్తాను. పెళ్లిళ్లు, కచేరీలే ఆధారం. ముహూర్తాలున్న నెలలో 45 వేలు వస్తాయి, లేనప్పుడు 10 వేలు కూడా కష్టమే. ఇంటి ఖర్చు 24 వేలు. భార్య, పాప, అమ్మ ఉన్నారు. చేతిలో 18 వేలున్నాయి. క్రెడిట్ కార్డులో 40 వేల బకాయికి మినిమమ్ డ్యూ (నెలనెలా కనీసం కట్టాల్సిన మొత్తం) కడుతున్నాను. వయొలిన్‌కి తగిలించిన పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చేది) సౌండ్ పల్చగా వస్తోందని 32 వేల ప్రీయాంప్ (ఆ సిగ్నల్ని మిక్సర్‌కి వెళ్లే ముందు సరిచేసే డబ్బా) చూశాను. 6,500కి ఇంకోటి ఉంది. పెద్దదే కార్డు ఈఎంఐలో తీసుకోనా?

జవాబు: వద్దండి. లెన్స్ కొనే ఫొటోగ్రాఫర్లు, స్పీకర్లు కొనే డీజేలు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు: ‘సంపాదించి పెట్టే వస్తువేగా, అప్పు చేస్తే తప్పేంటి?’ అని. ఆషాఢంలో, భాద్రపదంలో అది ఏం సంపాదిస్తుంది? కొన్నేళ్లు శుక్ర మూఢమే రెండు నెలలు దాటిపోతుంది. ఈఎంఐ మాత్రం ఠంచనుగా వస్తుంది.

ముందు పాత బకాయి సంగతి. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 40 వేల మీద వడ్డీ 1,400, దానిపై జీఎస్టీ 252. మీరు 2 వేలు మినిమమ్ కడితే అసలులో తగ్గేది 348 రూపాయలు! పైగా బకాయి ఉన్న కార్డు మీద కొత్తగా ఏం గీకినా మొదటి రోజు నుంచే వడ్డీ. ఈఎంఐగా మార్చుకున్నా, 16 శాతం వడ్డీతో ఏడాది పాటు నెలకు 2,900 పైనే కట్టాలి. ఇది తెలిసీ అదే కార్డు తీస్తానంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక ప్రీయాంప్. నేను సౌండ్ ఇంజినీర్ని కాను గానీ, మొన్న ఓ పెళ్లిలో చూశాను. వయొలిన్ పికప్ వైరు నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే రేకు డబ్బా మీద గీసినట్టు వచ్చింది. మైకులబ్బాయి అదే వైరు తీసి ‘హై-జెడ్’ అని రాసున్న ఇన్‌పుట్‌లో పెట్టాడు, మంద్ర స్థాయి తిరిగొచ్చింది. పియెజో రకం పికప్‌కి కావలసింది ఎక్కువ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం, ‘హై-జెడ్’ అంటే అది ఎక్కువని), కనీసం ఒక మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు. లైన్ ఇన్‌పుట్‌లో ఉండేది సాధారణంగా 10 వేల ఓమ్‌ల చుట్టుపక్కలే, అందుకే బాస్ పోతుంది. 6,500 డబ్బాకి ఒక మెగా ఓమ్ ఉంటే మీ ‘పల్చదనం’ చాలావరకు తీరుతుంది. 32 వేల దాంట్లో ఈక్వలైజర్, ఫీడ్‌బ్యాక్ తగ్గించే మీటలు అదనం. బాగుంటాయి, కాదనను.

మీకు లేనిది అత్యవసర నిధి. జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను, మీకు తొమ్మిది నెలలది, అంటే 2,16,000 కావాలి. భయపడకండి, ముందు మూడు నెలలది, 72 వేలు చేయండి. ఈ సీజన్లో వచ్చే ప్రతి పారితోషికంలో ఖర్చు పోను మిగిలింది మొదట కార్డుకి, అది తీరాక ఈ నిధి కోసం లిక్విడ్ ఫండ్‌కి (అవసరమైతే త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్). ఆ 18 వేలు ముట్టుకోవద్దు. వేలికి దెబ్బ తగిలి నెల రోజులు కమాను పట్టలేకపోతే ఇల్లు నడిచేది దాంతోనే.

కుటుంబానికి 5 లక్షల ఆరోగ్య బీమా ఈ నెలలోనే చూడండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీలకు జీఎస్టీ కూడా లేదు. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బొచ్చే జీవిత బీమా) ఆ తర్వాత. బంగారం కుదువ పెట్టి కార్డు బకాయి తీరుస్తానంటే ఒప్పుకుంటాను, ప్రీయాంప్ కొంటానంటే ఒప్పుకోను.

కార్డు సున్నా అయిన నెలలో 6,500 నగదు తీసుకుని షాపుకెళ్లండి. మీ వయొలిన్, మీ వైరే తీసుకెళ్లి, మంద్ర తీగలు వాయించి విన్నాకే డబ్బివ్వండి. అప్పటిదాకా ప్రోగ్రామ్‌కి గంట ముందెళ్లి, మైకులతన్ని హై-జెడ్ ఇన్‌పుట్ ఉందా అని అడగండి.