కులసంఘం అధ్యక్షుడు మేయర్ పదవికి పోటీ చేయవచ్చా?

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో ఏటేటా పెరుగుతున్న ఒక నగరం మాది. చుట్టుపక్కల ఊళ్లు కూడా కార్పొరేషన్‌లో కలిశాయి. పన్నెండేళ్లుగా మా కులసంఘానికి అధ్యక్షుడిగా ఉన్నాను. ఈసారి నన్ను మేయర్‌గా నిలబెట్టాలని పెద్దలు తీర్మానం చేశారు. సంఘ భవనం కోసం పోగుచేసిన డబ్బు ప్రచారానికి వాడదామంటున్నారు. అందరిచేతా గుడిలో ప్రమాణం చేయిస్తామని, మాట తప్పిన ఇంటికి జరిమానా వేస్తామని తీర్మానంలో రాశారు. నాకు ముగ్గురు పిల్లలు. రెండేళ్ల ఇంటి పన్ను బాకీ ఉంది. సంఘం లెక్కల విషయంలో నా మీద ఒక క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తోంది. నేను పోటీ చేయవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పోటీ చేయవచ్చు. కానీ మేయర్ పదవికి కాదు, ముందు కార్పొరేటర్ పదవికి. మన రాష్ట్రంలో ఇప్పుడున్న పద్ధతిలో ఓటర్లు కార్పొరేటర్లను ఎన్నుకుంటారు, కార్పొరేటర్లు మేయర్‌ని ఎన్నుకుంటారు. నేరుగా ఓటేసి మేయర్‌ని ఎన్నుకున్న రోజులు మీ పెద్దలకు గుర్తుండి ఉంటాయి. 2002లో హైదరాబాద్ మేయర్‌ని ప్రజలే ఎన్నుకున్నారు. ఉత్తరప్రదేశ్‌లో నేటికీ అలాగే జరుగుతోంది. మన దగ్గర ఆ పద్ధతి పోయింది.

కాబట్టి నగరమంతటా మీవాళ్ల ఓట్లు ఎన్ని ఉన్నాయన్న లెక్క మీకు పెద్దగా పనికిరాదు. మీరు నిలబడే ఒక్క డివిజన్‌లో గెలవాలి. ఆ తర్వాత కౌన్సిల్ సమావేశంలో ఎక్కువమంది సభ్యులు మీకు చేయెత్తాలి. ఇక్కడ రహస్య ఓటింగ్ లేదు, చేతులెత్తే పద్ధతే. ఎక్స్ అఫీషియో సభ్యులుగా, అంటే తమ పదవి రీత్యా, ఎమ్మెల్యేలు, ఎంపీలు కూడా ఓటేస్తారు. ఎవరికి ఓటేయాలో ఆదేశిస్తూ పార్టీలు తమ సభ్యులకు విప్ జారీ చేస్తాయి. మీ కులానికి చెందిన కార్పొరేటరే మీకు చేయెత్తి విప్‌ని ధిక్కరిస్తే ఆ ఓటు చెల్లుతుంది గానీ అతని సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. స్వతంత్రుడిగా గెలిచి మేయర్ కావాలనుకుంటే ఈ సంగతి ముందే ఆలోచించుకోండి. గెలిచాక కూడా సభ్యుల మద్దతు నిలుపుకోవాలి. విశాఖపట్నంలో 2025 ఏప్రిల్‌లో అవిశ్వాస తీర్మానంతో మేయర్ పదవి పోవడం మీరూ చూశారు.

ఇక రిజర్వేషన్లు. రాజ్యాంగంలోని 243టీ అధికరణం మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు ఉండాలంటుంది. మన రాష్ట్రం దాన్ని సగానికి పెంచింది. డివిజన్‌కి రిజర్వేషన్ ఉంటుంది, మేయర్ పదవికి విడిగా ఉంటుంది. అవి ఎన్నికల ముందే ఖరారవుతాయి. ఊళ్లు కలిసిన నగరం కాబట్టి డివిజన్ల హద్దులు కూడా మారవచ్చు. హద్దులు నచ్చలేదని కోర్టుకు వెళ్లడానికి 243జెడ్‌జీ అధికరణం అడ్డుపడుతుంది. అభ్యంతరాలేమైనా ఉంటే ముసాయిదా దశలోనే రాతపూర్వకంగా ఇవ్వండి. కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటున్నా వేరే డివిజన్ నుంచి పోటీ చేయవచ్చు కనుక ఒక్కచోటే ఆశ పెట్టుకోవద్దు. స్థానం మహిళలకు వచ్చి మీ భార్య పోటీ చేస్తే మాత్రం పదవి ఆమెది. కౌన్సిల్‌లో ఆమె కూర్చోవాలి, ఆమే సంతకం పెట్టాలి. ఆ కుర్చీలో భర్తలు కూర్చోవడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ముగ్గురు పిల్లల గురించి దిగులు పడకండి. ఇద్దరికి మించి పిల్లలుంటే అనర్హులన్న నిబంధనను తీసేస్తూ 2024 నవంబర్‌లో మన శాసనసభ బిల్లు ఆమోదించింది. ఇంటి పన్ను బాకీ మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. బిల్లు గానీ నోటీసు గానీ అందాక గడువు దాటినా కట్టకపోతే అది అనర్హత కిందికి వస్తుంది. నామినేషన్‌కి ముందే మొత్తం కట్టేసి రసీదు దగ్గర పెట్టుకోండి. కార్పొరేషన్‌తో మీకు ఏదైనా కాంట్రాక్టు ఉంటే అది కూడా ఇప్పుడే నాకో, మీ వకీలుకో చూపించండి.

క్రిమినల్ కేసు నడుస్తున్నంత మాత్రాన పోటీకి అనర్హులు కారు. దాన్ని దాచడం ప్రమాదం. తమిళనాడులో ఒకాయన 2006లో పంచాయతీ అధ్యక్షుడిగా గెలిచాడు. అంతకుముందు అదే పదవిలో ఉండగా నిధుల దుర్వినియోగం చేశాడని అతని మీద ఛార్జిషీట్లు పడ్డాయి. నామినేషన్‌లో ఒక కేసు చెప్పి మిగతావి దాచాడు. ఆ ఎన్నిక చెల్లదని 2015లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. అభ్యర్థి నేరచరిత్ర తెలియకుండా వేసిన ఓటు స్వేచ్ఛగా వేసిన ఓటు కాదన్నది ఆ తీర్పు సారాంశం. అది స్థానిక సంస్థ ఎన్నికే, కేసూ మీ కేసు లాంటిదే. అఫిడవిట్‌లో కేసు నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు అన్నీ రాయండి. ఓటర్లు అడిగితే తప్పించుకోకుండా చెప్పండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మీ సంఘం తీర్మానం. సంఘం మిమ్మల్ని బలపరచడం తప్పేమీ కాదు. ఎవరికి ఓటేయాలో చెప్పుకునే హక్కు అందరికీ ఉంది. కానీ ఓటేయని ఇంటికి జరిమానా అన్నారంటే అది బెదిరింపు. భారతీయ న్యాయ సంహితలో 171వ సెక్షన్ దీన్నే అనుచిత ప్రభావం అంటుంది. మాట వినకపోతే దేవుడి ఆగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించినా అదే సెక్షన్ వర్తిస్తుంది. అందుకే గుడిలో ప్రమాణం మాట పూర్తిగా మానుకోవాలి. 174వ సెక్షన్ కింద దీనికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పెద్దలే రాశారు, నాకు సంబంధం లేదంటే సరిపోదు. అధ్యక్షుడు మీరే కదా, ఆ కాగితం మీద మీ సంతకం ఉంటుంది. ‘మన కులంవాడు, మనవాడికే ఓటు’ అని ప్రచారం చేయడం కూడా వద్దు. చట్టసభల ఎన్నికల్లో కులం, మతం పేరుతో ఓటడగడం అవినీతికర చర్య అని 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3 మెజారిటీతో చెప్పింది. స్థానిక ఎన్నికల్లో ఓడినవాళ్లూ ఎన్నికల పిటిషన్‌లో ఇదే వాదన తెస్తారు.

డబ్బు విషయానికొస్తే, భవనం పేరు చెప్పి చందాలు తీసుకున్నారు కాబట్టి ఆ డబ్బు భవనానికే ఖర్చు కావాలి. రిజిస్టరైన సంఘం తన నిబంధనావళిలో రాసుకున్న ఆశయాలకు బయట ఖర్చు పెట్టకూడదు. ఇప్పటికే లెక్కల కేసు ఉన్న మీరు ఇందులో వేలు పెడితే రెండో కేసు కొనితెచ్చుకున్నట్టే. పైగా అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరైనా అతని ప్రచారానికి ఖర్చు పెడితే, న్యాయ సంహిత 176వ సెక్షన్ ప్రకారం ఖర్చు పెట్టినవారికి పదివేల రూపాయల వరకు జరిమానా ఉంది. మీరు అనుమతి ఇస్తే ఆ ఖర్చు మీ ఎన్నికల లెక్కలోకి వస్తుంది. అభిమానులు తమ సొంత డబ్బు ఇస్తే రసీదు రాసి తీసుకోండి, ప్రతి పైసా లెక్కలో చూపించండి.

ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. సర్వసభ్య సమావేశం పిలిపించి, జరిమానా, ప్రమాణం, భవన నిధి గురించిన పాత తీర్మానాన్ని రద్దు చేస్తూ కొత్త తీర్మానం చేయించండి. ఓటు ఎవరి ఇష్టం వారిదని అందులో స్పష్టంగా రాయించండి. మినిట్స్ పుస్తకంలో పాత పేజీని చింపవద్దు, కొట్టివేయవద్దు. దాని తర్వాతి పేజీలో కొత్తది రాసి హాజరైనవారందరి సంతకాలు తీసుకోండి. ఎన్నికలయ్యేవరకు అధ్యక్ష బాధ్యతలు ఉపాధ్యక్షుడికి అప్పగిస్తే ఇంకా మంచిది. ఆ తీర్మానం నకలు, పన్ను రసీదు, కేసు కాగితాలు తీసుకుని నామినేషన్‌కి కనీసం రెండు వారాల ముందు మీ వకీలును కలవండి.