డేటా ఎక్కించమంటే పాత డిస్కు చెరిపేశారు, పరిహారం వస్తుందా?

ప్రశ్న: ఇంట్లోనే చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు రాస్తూ బతుకుతున్నాను. కొత్త ల్యాప్‌టాప్ కొని, పాత కంప్యూటర్లోని డేటా అందులోకి ఎక్కించమని షాపులో రూ.1,500 కట్టాను. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఫోల్డర్ సగమే వచ్చింది. నేను చెప్పకుండానే పాత హార్డ్‌డిస్కు ఫార్మాట్ చేసేశారు. అడిగితే, బిల్లు వెనక ‘డేటాకు మా బాధ్యత లేదు’ అని ఉంది కదా అంటున్నారు. కేసు నిలుస్తుందా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిలుస్తుందండి. కానీ ముందు ఆ డిస్కు మీ చేతికి తెచ్చుకోండి. ‘మేమే రికవరీ వేసి చూస్తాం’ అన్నా ఒప్పుకోవద్దు. హార్డ్‌డిస్కుకు క్విక్ ఫార్మాట్ చేస్తే పోయేది ఫైళ్ల పట్టికే, పైన కొత్తగా ఏమీ రాయకపోతే లోపలివి చాలామటుకు దొరుకుతాయి. డిస్కంతా సున్నాలతో నింపేసే ఫుల్ ఫార్మాట్ చేసుంటే ఆశ వదులుకోవాల్సిందే. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు) అయితే క్విక్ ఫార్మాటయినా ఆశ తక్కువ.

రికవరీ ల్యాబులో మొదట డిస్కుకు పూర్తి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీయించి, వెతకడం ఆ ఇమేజ్ మీదే చేయించండి. ట్యాలీ వెర్షన్‌ను బట్టి .1800 లేదా .900 అని ముగిసే ఫైళ్లు కావాలని చెప్పండి. ఫార్మాట్ ఏ రోజు, ఎన్ని గంటలకు జరిగిందో రిపోర్టులో రాయించండి. ఆ తేదీ మీ బిల్లు తేదీతో కలిస్తే షాపువాళ్లకు తప్పించుకునే దారి ఉండదు. ఇమేజ్ హ్యాష్ విలువ (నకలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా అడగండి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రంలో అది రాయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి.

ఇక బిల్లు వెనక షరతు. కీబోర్డు బాగుచేయమని ఇచ్చినప్పుడు డేటా పోతే ఆ మాటకు కొంత బలం ఉండేది. మీరు డబ్బు కట్టిందే డేటా మార్చడానికి. తీసుకున్న పనికే బాధ్యత లేదంటే వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం. కాపీ సరిపోయిందో లేదో చూడకుండా అసలు డేటాను చెరిపేయడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) కింద సేవాలోపమే. బిల్లులో ఉత్త ‘సర్వీస్ ఛార్జీ’ అనే ఉంటే, ఏ పని చెప్పారో తెలిపే వాట్సాప్ మాటలు భద్రం చేయండి. ‘ఫార్మాట్ చేసి ఇవ్వండి’ అని మీరే ఎక్కడైనా రాసుంటే మాత్రం కేసు బాగా పలచబడుతుంది.

‘మీది వ్యాపారం, మీరు వినియోగదారు కారు’ అనీ వాదిస్తారు. బతుకుతెరువుకు సొంతంగా చేసుకునే పనికి కొన్న వస్తువులకు సెక్షన్ 2(7) వివరణలో మినహాయింపు ఉంది, మీరు తీసుకున్న సేవకూ అదే వర్తిస్తుందని వాదించండి.

నష్టం కాగితాల మీద చూపాలి: ల్యాబు బిల్లు, జీఎస్టీ పోర్టల్ నుంచి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 2బీ (కొనుగోళ్ల పట్టిక) దించి పద్దులు మళ్లీ ఎక్కించడానికైన కూలి. మానసిక వేదనకు లక్షలు అడిగితే అసలు లెక్క మీదా అనుమానం వస్తుంది.

15 రోజుల గడువుతో నోటీసు పంపండి. తప్పనిసరి కాదుగానీ చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే గుంటూరు జిల్లా కమిషన్‌లో, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్ ద్వారానైనా, ఫిర్యాదు వేయొచ్చు. షాపు వేరే ఊళ్లో ఉన్నా సరే, మీరు ఉండేచోట వేసే హక్కుంది. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపే కనుక ఫీజు లేదు. డేటా పోయిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.