ఎక్కడం వాడి పని, దింపడం మీ పని

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు. మేముండేది మూడో అంతస్తు, అయినా లిఫ్ట్ లేకపోతే మెట్ల దగ్గరే కూలబడతాడు. అలాంటిది యూట్యూబ్‌లో కొండలెక్కే వీడియోలు చూసి నెల రోజులుగా ఒకటే గొడవ, కొండెక్కుదాం అని. మా ఆయన కొండవీడు అంటున్నారు, మా అత్తగారు మంగళగిరి చాలంటున్నారు. నాకైతే రెండూ టెన్షనే. దేనితో మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నా ఓటు మీ అత్తగారికే అమ్మా. మీ వారిని నొప్పించాలని కాదు, కొండవీడు ఎక్కడికీ పోదు, రెండో నెలలో వెళ్లండి.

పిల్లలతో వెళ్లే కొండకి ఎత్తు ఎంత అని అందరూ అడుగుతారు గానీ నేను అడిగేది ఒక్కటే, సగం దారిలో వాడు "నావల్ల కాదు" అని కూర్చుంటే అక్కడినుంచి మీరు ఎత్తుకుని దిగగలరా? ఏడేళ్లవాడు ఇరవై కిలోలు ఉంటాడు, అంటే దాదాపు ఇంటికి తెచ్చే బియ్యం బస్తా. ఆ బస్తాని మీ ఆయన భుజాన వేసుకుని ఎంత దూరం దిగగలరో అంత దూరమే మీ మొదటి కొండ. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. మా వాడికి ఆరేళ్లప్పుడు మే నెలలో, అదీ పొద్దున పదింటికి, కొండపల్లి కోట చూపిస్తానని బయలుదేరాను. ఇద్దరికీ కలిపి ఒక్క లీటరు సీసా. గంట తిరిగేసరికి సీసా ఖాళీ, రాళ్లు పెనంలా కాలుతున్నాయి, వాడు ఏడవడం కూడా మానేసి ఊరికే నా మొహంలోకి చూస్తున్నాడు. ఏడుపు ఆగిందంటే సర్దుకున్నాడనుకున్నాను, తెలివితక్కువతనం. ఎండదెబ్బకి పిల్లలు మొదట డల్ అవుతారు, తర్వాతే మిగతావన్నీ. భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసుకొచ్చాను, రెండు రోజులు నడుం పట్టేసింది. తప్పు కొండపల్లిది కాదు, నాది. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో, తెల్లారగట్ల వెళ్లుంటే అదే కోట మాకు పండగలా ఉండేది.

ఇక మంగళగిరి ఎందుకంటే, మెట్లున్నాయి. మెట్లుంటే దారి తప్పడం ఉండదు, ఏ మెట్టు మీదైనా కూర్చోవచ్చు, ఏ మెట్టు దగ్గరైనా వెనక్కి తిరగొచ్చు. మెట్లు ఎన్నున్నాయో నేను చెప్పను, బాబునే లెక్కపెట్టమనండి, మధ్యలో లెక్క తప్పి నాన్నతో పోట్లాడుతూ తనకి తెలియకుండానే పైకి చేరిపోతాడు. కింద నుంచే ఆ కొండ ఏనుగు పడుకున్నట్టుంది కదా, తొండం ఎటో, తోక ఎటో చూపించమని కూడా అడగండి. పైన పానకాల స్వామి సంగతి మీకు చెప్పక్కర్లేదు, పోసిన పానకంలో సగం తాగి సగం మనకి వదిలేస్తాడని నమ్మకం. ఏడేళ్లవాడికి ఇంతకంటే పెద్ద ఆకర్షణ ఏముంటుంది? శిఖరం మీద నుంచి కనిపించే దృశ్యం అదీ ఇదీ పెద్దవాళ్ల సరదా. పిల్లలకి పైన తినేదో, తాగేదో, ముట్టుకునేదో ఏదో ఒకటి ఉండాలి. రాత్రి పూజ దేవతలు చేసుకుంటారంటారు, అందుకే పైగుడిని సాయంత్రానికి ముందే మూసేస్తారు, మీరు ఎలాగూ పొద్దున్నే వెళ్తారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అన్నిటికంటే పెద్ద సౌకర్యం, అక్కడ ఘాట్ రోడ్డు కూడా ఉంది. మెట్లెక్కి వెళ్లండి, దిగేటప్పుడు మాత్రం ఆటోనో కారో చూసుకోండి. నవ్వకండి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు కాళ్లు ఆడవు. పైకి ఎక్కేసరికే తొడలు అలిసిపోయి ఉంటాయి, దిగుతున్నప్పుడు ప్రతి అడుగుకీ అవే బ్రేక్ వేయాలి, పైగా ఇంటికి పోతున్నామన్న హుషారులో పిల్లలు పరుగెడతారు. మోకాళ్లు చీరుకుపోయేది ఎక్కువగా అప్పుడే. రెండు మూడు సార్లు అలవాటయ్యాక దిగడం కూడా నడిచే చేయండి, చెయ్యి పట్టుకుని, మీరు ఒక మెట్టు కింద ఉండి.

తర్వాత ఏది అంటే, నరసరావుపేట దగ్గర కోటప్పకొండకీ మెట్లదారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి, శివరాత్రి ప్రభల రద్దీలో మాత్రం వద్దు. ఆ తర్వాత కొండవీడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల రాజధాని అది, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. బురుజులు, పైన చెరువులు, కథ చెప్పడానికి బోలెడంత ఉంది, మీ వారు ఆ కథ ముందురోజు కాస్త చదువుకుని వస్తే మంచిది. బెజవాడ వైపు వస్తే గాంధీకొండ కూడా పర్వాలేదు, 1968లో ప్రారంభమైన 52 అడుగుల స్తూపం ఉంది, కాకపోతే దాన్ని కొండెక్కడం అనలేం, షికారు అనాలి.

బయలుదేరే ముందురోజు కాలిగోళ్లు తీయండి, లేకపోతే దిగేటప్పుడు బూటు ముందుభాగానికి కొట్టుకుని నొప్పెడతాయి. కొత్త బూట్లు వద్దు, బడికి వేసుకునే పాతవే మేలు. కూల్‌డ్రింకు కాదు, ఉప్పేసిన మజ్జిగ, నీళ్లు. దాహం అని వాడు అడిగేదాకా ఆగకుండా పావుగంటకోసారి నాలుగు గుక్కలు తాగించండి.

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. మలావత్ పూర్ణ గురించి బడిలో విన్నప్పటినుంచి హిమాలయాలే అంటోంది. మా ఆఫీసు వాళ్లు డిసెంబర్‌లో కేదార్‌కంఠ వెళ్తున్నారు, బిగినర్స్‌కి ఈజీ అంటున్నారు. తీసుకెళ్లనా?
– ఒక తండ్రి, పటమట, విజయవాడ

జవాబు: ఈ డిసెంబర్‌కి వద్దు సార్. ఆ "ఈజీ" అన్నమాట పెద్దవాళ్ల సైజుది. కేదార్‌కంఠ సుమారు 3,800 మీటర్లు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే వేడి ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, అంటే బెజవాడలో మనం 20 డిగ్రీలకే స్వెటర్ వెతుక్కుంటున్న పూట అక్కడ సున్నాకి కింద ఉంటుంది, ఉత్తరాదిన ఉంది కాబట్టి నిజానికి ఇంకా కిందే. అదొక్కటైతే బట్టలతో కాచుకోవచ్చు. అసలు భయం గాలి పలచబడడం. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావొచ్చు, ఒంటి బలంతో దానికి సంబంధం లేదు. పెద్దవాళ్లు చెప్పగలరు, పిల్లలు "అన్నం వద్దు" అని ఊరుకుంటారు. అప్పుడు కిందికి దింపడమే మందు, మంచులో, మీ ఆఫీసు గుంపు మొత్తం పైకి పోతుంటే మీరొక్కరే పాపతో దిగాలి. మొహమాటపడకుండా దిగుతారా? ఆలోచించుకోండి.

పాపకి పూర్ణ కథ మొత్తం చెప్పండి. 2014 మేలో ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు, ఆ భాగం అందరికీ తెలుసు. మొదలుపెట్టింది భువనగిరి బండ మీద, తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్ చలి, ఇవన్నీ అయ్యాకే అది. మీరూ భువనగిరి కోటతో మొదలుపెట్టొచ్చు, హైదరాబాద్ రైలు దారిలోనే ఉంది, కొంతదూరం మెట్లు, పైన ఏకశిల. వానపడ్డ రోజు మాత్రం ఆ బండ జోలికి పోకండి, జారుతుంది. తర్వాత సెలవుల్లో కర్ణాటకలో ముళ్లయ్యనగిరి, 1,900 మీటర్లు పైనే, అయినా శిఖరం దగ్గరి దాకా రోడ్డుంది, చివర మెట్లు. చల్లగాలి, మబ్బులు అన్నీ చూస్తుంది, గాలి పలచబడే బాధ ఉండదు. అవి రెండూ అయ్యాక కూడా హిమాలయాలే అంటే అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: మనవడితో మంగళగిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నాను, చెప్పుల్లేకుండా. వాడికి అయిదేళ్లు. కోతులంటే కూడా భయం.
– తెనాలి నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: మొక్కు మీది అమ్మమ్మగారూ, వాడిది కాదు. మీరు చెప్పుల్లేకుండా ఎక్కండి, వాడికి గుడి దాకా చెప్పులు ఉండనివ్వండి, స్వామి ఏమీ అనుకోడు. మీరైనా ఎండ ముదరకముందే ఎక్కేయండి, రాయి కాలడం మొదలైతే నిలబడలేరు. కోతులకి కవరు చప్పుడు వినిపిస్తే చాలు, కాబట్టి చేతిలో కవర్లు వద్దు, వాటి కళ్లలోకి చూసి పళ్లు కనిపించేలా నవ్వొద్దని కూడా వాడికి చెప్పండి, అది వాటికి బెదిరింపులా ఉంటుంది. లాక్కుంటే ఇచ్చేయండి, పెనుగులాడొద్దు. కరిచినా గీరినా అక్కడే సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడిగి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి, పసుపు రాసి ఊరుకోవద్దు. ప్రసాదం మాత్రం కిందికొచ్చి కారెక్కాకే విప్పండి.