కరెంటు పోయినా సెన్సర్ల పేర్లు పోకుండా

చిరంజీవి అల్లుడికి,

నల్లగొండ నుంచి మామ ఆశీస్సులు. మిర్యాలగూడ మిల్లు గోదాములో వడ్ల వేడి కొలవడానికి నువ్వు పెట్టిన సెన్సర్లు చూసి వచ్చినప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలనుకుంటున్నాను. వైరింగ్ శుభ్రంగా చేశావు, డేటా వైరుకు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కూడా మరిచిపోలేదు. నా టెన్షన్ అంతా పేర్ల గురించే.

ఏ సెన్సర్ ఏ లాటులో (వడ్ల బస్తాల గుట్టలో) ఉందో తెలిసేలా గేటు లాటు, తూర్పు లాటు అని పేర్లు స్క్రీన్ మీద చూపించావు. అవి ఎక్కడ దాచావంటే "సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి మామా" అన్నావు. సెన్సర్లను చదివే ఓడబ్ల్యూఎఫ్ఎస్ సాఫ్ట్‌వేర్‌లోని ఓడబ్ల్యూసర్వర్ ప్రోగ్రాం నడుస్తుండగా పెట్టిన అలియాస్, అంటే మనం పెట్టుకున్న పేరు, మెమరీలోనే ఉంటుంది బిడ్డా. ఒక్కసారి కరెంటు పోయి వస్తే 28తో మొదలయ్యే పొడుగాటి సెన్సర్ నంబర్లు తప్ప నీకేమీ మిగలవు.

కొన్నేళ్ల కింద ఒక గోదాములో నేను ఇదే తప్పు చేశాను. రాత్రి కరెంటు పోయింది, పొద్దున చూస్తే పేర్లు లేవు. గుర్తున్నంత వరకు మళ్లీ పెట్టేశాను. అందులో రెండు తారుమారయ్యాయి. వానాకాలం వడ్లు, తేమ పూర్తిగా ఆరలేదు. ఒక లాటు వేడెక్కుతోందని స్క్రీన్ మీద కనిపిస్తే, హమాలీలు నా మాట నమ్మి పక్క లాటు విప్పి ఆరబోశారు. అసలు వేడెక్కిన వడ్లు లోపలే మగ్గిపోయాయి. మర పట్టిస్తే బియ్యం పసుపు పచ్చగా వచ్చాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

అందుకే ఈరోజే, కరెంటు ఉండగానే, ఇప్పుడు స్క్రీన్ మీదున్న ప్రతి పేరూ దాని నంబరూ కాగితం మీద రాసుకో. సెన్సర్లు లాటు లోపలికి పోయాయి కాబట్టి, పిడికిట్లో పట్టుకుని ఏది వేడెక్కుతుందో చూసి గుర్తుపట్టే వీలు ఇప్పుడు లేదు. నువ్వు వాడిన సెన్సర్ రకం డీఎస్18బీ20. దాని నంబరు ఫ్యాక్టరీలోనే చిప్పులో పడుతుంది, ఎన్నిసార్లు కరెంటు పోయినా మారదు. పేరును ఆ నంబరుకే కట్టు. లిస్టులో మొదటిది, రెండోది అనే వరుసను నమ్మకు. కొత్త సెన్సర్ ఒకటి కలిపితే చాలు, వరుస మారిపోవచ్చు.

తర్వాత మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి తెరిచి, లైనుకొకటి చొప్పున నంబరు, ఈక్వల్ గుర్తు, పేరు రాయి. పేర్లలో స్పేసులు పెట్టకు. ఇక్కడ చాలామంది బోల్తా పడేది నంబరు దగ్గర. లైనక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగం) చూపించే నంబరులో 28 తర్వాత అడ్డగీత ఉంటుంది, ఓడబ్ల్యూఎఫ్ఎస్‌లో చుక్క ఉంటుంది. అంతే కాదు, ఒకదాంట్లో ఉన్న బైట్లు ఇంకోదాంట్లో వెనక నుంచి ముందుకు ఉంటాయి. కాబట్టి ఓడబ్ల్యూఎఫ్ఎస్ చూపించిందే ఎక్కించు.

ఆ ఫైలును టెంప్ ఫోల్డర్‌లో పెట్టకు, ఈటీసీ ఫోల్డర్‌లో పెట్టు. కాన్ఫిగరేషన్‌లో అలియాస్ ఆప్షన్‌కు దాని పూర్తి దారి ఇవ్వు. నువ్వు చేత్తో నడిపే కమాండ్‌కు ఆ ఆప్షన్ ఇచ్చి, బూట్ అయినప్పుడు తనంతట మొదలయ్యే సర్వీస్‌కు ఇవ్వకపోతే అంతా వృథా. ఆ సర్వీస్ ఫైలు తెరిచి నీ కళ్లతో చూసుకో.

ఇంకొకటి. ఎస్‌డీ కార్డు పాడవకుండా ఈ సెన్సర్లను చదివే చిన్న కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పైలో, కార్డు మీద ఏమీ రాయనివ్వని ఓవర్‌లే ఆన్ చేశానన్నావు. మంచి పనే. కానీ అది ఆన్‌లో ఉండగా రాసిందంతా ర్యామ్‌లోకే పోతుంది. సేవ్ అయినట్టే కనిపిస్తుంది, రీస్టార్ట్ అయితే మాయం. ముందు ఓవర్‌లే ఆపి, రీబూట్ చేసి, ఫైలు రాసి, రాసింది కార్డు మీదికి చేరేలా సింక్ కమాండ్ కొట్టి, మళ్లీ ఆన్ చేయి. తర్వాత పేరు మార్చినా ఇదే పద్ధతి.

పేర్లు నిలిచాయో లేదో పరీక్ష మాత్రం మెయిన్ స్విచ్ ఆపే చేయాలి. నేను ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను, ఇద్దరం కలిసి చేద్దాం. కరెంటు వచ్చాక ఏదైనా లాటు 85 డిగ్రీలు చూపిస్తే కంగారు పడి హమాలీలను పిలవకు. పవర్ రాగానే, ఇంకా కొలవకముందు ఆ చిప్పు చూపించే అంకె అది. రెండోసారి చదివితే అసలుది వస్తుంది.

ఆలోపు ఆ కాగితం ఒక కాపీ గోదాము తలుపు లోపలి వైపు అతికించు. ఇంకోటి ఫోటో తీసి నాకు పంపు.

మీ మామ